చిన్న షాపుకు వెబ్‌సైట్ చేయించాలంటే డెవలపర్‌ను ఎట్లా ఎంచుకోవాలి? నల్గొండ, పాలమూరు వ్యాపారులు తరచుగా అడిగే ప్రశ్నలు

నల్గొండలో మాది బోరు మోటార్ల షాపు. కొత్తవి అమ్ముతాం, కాలిపోయినవాటికి వైండింగ్ చేస్తాం. 2019లో వెబ్‌సైట్ చేయించుకున్నాం, 2021లో పోగొట్టుకున్నాం. ఆ దెబ్బ తిన్నాకే ఈ సంగతులన్నీ కూర్చుని నేర్చుకున్నాను. అప్పటి నుంచి మా బజారువాళ్ళు, మిర్యాలగూడ, దేవరకొండ, జడ్చర్లలో తెలిసినవాళ్ళు వెబ్‌సైట్ చేయించే ముందు నాకు ఫోన్ చేసి అడుగుతుంటారు. పదే పదే వచ్చే ప్రశ్నలూ, నేను చెప్పే జవాబులూ ఇవి. నేను డెవలపర్‌ను కాను. పైసలిచ్చి పని చేయించుకునేవాడి వైపు నుంచి రాస్తున్నాను.

అసలు మా షాపుకు వెబ్‌సైట్ అవసరమా?

అందరికీ అవసరం లేదు. ముందు గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ పెట్టుకోండి. దానికి పైసా ఖర్చు లేదు. మోటారు కాలిపోయిన రైతు పొలం దగ్గర నిలబడి ఫోన్‌లో వెతికితే మ్యాప్‌లో షాపు పేరు, ఫోన్ నంబరు, ఇప్పుడు తెరిచి ఉందా లేదా అన్నీ కనిపిస్తాయి. మాకు వచ్చే కొత్త గిరాకీలో ఎక్కువ భాగం అక్కడి నుంచే. కిరాణం, టిఫిన్ సెంటర్, టైలరింగ్, మొబైల్ రిపేర్ లాంటివాటికి ఆ ప్రొఫైల్, దాంతోపాటు వాట్సాప్ బిజినెస్‌లో ఒక క్యాటలాగ్ ఉంటే చాలావరకు పని జరిగిపోతుంది.

వచ్చేవాడు కొనే ముందు చూడాల్సింది, చదవాల్సింది ఎక్కువగా ఉన్నచోట వెబ్‌సైట్ పనికొస్తుంది. ఫంక్షన్ హాలు ఉందనుకోండి: ఎంతమంది పడతారు, గదులెన్ని, పార్కింగ్ ఎంత అని పెళ్ళివారు ఇంట్లో నలుగురూ కూర్చుని చూసుకుంటారు. ఆస్పత్రి, స్కూలు, కోచింగ్ సెంటర్ కూడా అంతే. పోచంపల్లి, నారాయణపేట, గద్వాల చీరలను బయటి ఊళ్ళకు అమ్మేవాళ్ళకు చాలా అవసరం. మిర్యాలగూడ మిల్లులతో బేరం చేయాలనుకునే బయటి రాష్ట్రం వ్యాపారి, ఈ మిల్లు నిజంగా ఉందా అని ముందు ఇంటర్నెట్‌లోనే చూస్తాడు.

ఇంకో మాట. గూగుల్ ప్రొఫైల్‌తోపాటు ఒకప్పుడు ఉచితంగా చిన్న వెబ్‌సైట్ కూడా ఇచ్చేవారు. 2024 మార్చిలో గూగుల్ వాటన్నిటినీ మూసేసింది. మీ పాత విజిటింగ్ కార్డు మీద ఆ లింకు ఉంటే ఇప్పుడది పనిచేయదు.

డొమైన్, హోస్టింగ్, వెబ్‌సైట్ అంటున్నారు. మూడూ ఒకటి కాదా?

కాదు. డొమైన్ అంటే జనం టైప్ చేసే పేరు, చివర డాట్ ఇన్ అనో డాట్ కామ్ అనో ఉంటుంది. హోస్టింగ్ అంటే మడిగె. ఎక్కడో ఒక కంప్యూటర్‌లో మనకు కిరాయికి ఇచ్చిన జాగా. వెబ్‌సైట్ అంటే ఆ మడిగెలో మనం సర్దుకున్న సామాను. డెవలపర్ ఆ ర్యాకులు బిగించే మేస్త్రీ లాంటివాడు. ర్యాకులు బిగించినంత మాత్రాన మడిగె తాళంచెవి మేస్త్రీ జేబులో ఉండాల్సిన పని లేదు కదా! ఈ పేజీలో నేను చెప్పే సంగతులు చాలావరకు ఆ తాళంచెవి చుట్టే తిరుగుతాయి.

డొమైన్ ఎవరి పేరు మీద ఉండాలి?

మీ పేరు మీద. దీనికి రెండో జవాబు లేదు.

మా విషయంలో ఏం జరిగిందో చెప్తాను. 2019లో ఒకతను షాపుకొచ్చి మర్యాదగా మాట్లాడాడు, అన్నీ మేమే చూసుకుంటాం అన్నాడు. మొత్తం కలిపి 18 వేలు తీసుకున్నాడు. సైట్ బాగానే చేశాడు, అబద్ధం చెప్పను. కానీ డొమైన్‌ను తన ఈమెయిల్‌తో, తన పేరు మీద, తన అకౌంట్‌లోనే కొన్నాడు. ఆ సంగతి అడగాలని కూడా మాకు తెలియదు. ఏడాది అయ్యాక రెన్యువల్ డబ్బులు అడిగితే పంపించాం. తర్వాత అతను ఆ పని వదిలేసి వేరే ఉద్యోగంలో చేరాడట, నంబరు మారింది. 2021లో ఒకరోజు సైట్ తెరిస్తే ఖాళీ పేజీ వచ్చింది. రెన్యువల్ చేయమని గుర్తుచేసే మెయిళ్ళన్నీ అతనికి వెళ్ళాయి, మాకు ఒక్కటీ రాలేదు. మేము తేరుకునేలోపే ఆ పేరు వేరేవాళ్ళు కొనేసుకున్నారు. బోర్డు మీద, బిల్లు పుస్తకాల మీద, సర్వీసు ఆటో మీద, ఊళ్ళల్లో గోడల మీద రాయించిన పేరు అది.

అతన్ని మోసగాడు అనను. పట్టించుకోలేదంతే. కానీ నష్టం మాత్రం మోసపోయినంత జరిగింది.

ఎకరం భూమి కొన్నవాడు పాసుబుక్కులో తన పేరు వచ్చిందో లేదో చూసుకోకుండా నిద్రపోతాడా? డొమైన్ కూడా అంతే. ముందు షాపు కోసం విడిగా ఒక ఈమెయిల్ తెరవండి. దానికి ఇచ్చే ఫోన్ నంబరు రోజూ మీ చేతిలో ఉండేదే కావాలి. అమెరికాలో ఉన్న కొడుకుదో, పక్కనున్న నెట్ సెంటర్ అతనిదో ఇవ్వొద్దు, ఓటీపీ అవసరమైన రోజున వాళ్ళు దొరకరు. ఆ ఈమెయిల్‌తో డొమైన్ అమ్మే కంపెనీలో మీరే అకౌంట్ తెరిచి, మీ కార్డుతోనో యూపీఐతోనో మీరే కట్టండి. పావుగంట పని. రాకపోతే డెవలపర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని చేయండి. కుదిరితే ఒకేసారి రెండుమూడేళ్ళకు కట్టేయండి. పాస్‌వర్డ్ ఇంట్లో ఒక డైరీలో రాసిపెట్టండి.

ఈ మాట అనగానే డెవలపర్ ముఖం మారితే, "అట్లా కుదరదు సార్, అన్నీ మా అకౌంట్‌లోనే ఉంటాయి" అంటే, అతనికి దండం పెట్టి పంపించేయండి. ఎంత తక్కువకు చేస్తానన్నా సరే. పనివాడెంతటివాడో తెలుసుకోవడానికి నాకు తెలిసి ఇంతకంటే మంచి పరీక్ష లేదు.

మా సైట్ ఇప్పటికే ఉంది. అది ఎవరి పేరు మీద ఉందో ఎట్లా చూసుకోవాలి?

హూఈజ్ అనే వివరాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. అక్కడ మీ డొమైన్ కొడితే ఏ కంపెనీ దగ్గర కొన్నారు, ఎప్పటిదాకా గడువుంది కనిపిస్తాయి. యజమాని పేరు చాలాసార్లు దాచి ఉంటుంది, అందుకని అక్కడితో ఆగకండి. ఆ కంపెనీ సైట్‌లో మీ ఈమెయిల్‌తో లాగిన్ అవగలుగుతున్నారా? అవ్వలేకపోతే అది మీ చేతిలో లేనట్టే.

అప్పుడు డెవలపర్‌ను మంచిగానే అడగండి. డొమైన్ లాక్ తీసి, ఆథ్ కోడ్ అనే రహస్య కోడ్ ఇస్తే మీ అకౌంట్‌కు మార్చుకోవచ్చు. కొని 60 రోజులు దాటని డాట్ కామ్ పేరును వేరే కంపెనీకి మార్చనివ్వరు. అట్లాంటప్పుడు అదే కంపెనీలో మీ పేరుతో ఒక అకౌంట్ తెరిచి దానిలోకి పంపించమనండి. సంబంధాలు బాగున్నప్పుడే ఈ పని చేసుకోవాలి. గొడవ మొదలయ్యాక కోడ్ రాదు.

ఎంత ఖర్చవుతుంది?

డాట్ ఇన్ పేరుకు ఏటా సుమారు 500 నుంచి 1,000 రూపాయలు, డాట్ కామ్‌కు ఇంకొంచెం ఎక్కువ. మామూలు హోస్టింగ్ ఏటా కొన్ని వేలలో ఉంటుంది. వీటి మీద 18 శాతం జీఎస్టీ వేరు. ఇక్కడొక మెలిక ఉంది. మొదటి ఏడాది ధర చాలా తక్కువ చూపిస్తారు, రెన్యువల్ వచ్చేసరికి రెండింతలో మూడింతలో అవుతుంది. "రెన్యువల్ ఎంత?" అని ముందే అడిగి రాసుకోండి. బ్రౌజర్‌లో సైట్ సురక్షితం అని చూపించే ఎస్ఎస్ఎల్ సర్టిఫికెట్ కోసం చిన్న షాపులు విడిగా డబ్బు కట్టనక్కర్లేదు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ దాన్ని ఉచితంగా ఇస్తుంది, చాలా హోస్టింగ్ కంపెనీలు దాన్నే పెడతాయి.

ఇక డెవలపర్ కూలి. అయిదారు పేజీల సైట్‌కు నాకు తెలిసినవాళ్ళు 8 వేల నుంచి 60 వేల దాకా ఇచ్చారు. తేడా ఎందుకంటే పని వేరు. రెడీమేడ్ డిజైన్‌లో మీ పేరు, ఫోన్ నంబరు మార్చి ఇచ్చేది ఒక రకం. షాపుకొచ్చి, మీ గిరాకీ ఏం అడుగుతుందో కనుక్కుని, మాటలు రాసి, ఫొటోలు తీయించి చేసేది ఇంకో రకం. రెండోది ఖరీదే. అయినా నేను దానివైపే మొగ్గుతాను. 8 వేలకు చేసిన సైట్లలో మూడింటిని తెరిచి చూస్తే "మా గురించి" పేజీలో ముగ్గురికీ అవే వాక్యాలున్నాయి.

మొత్తం డబ్బు ముందే ఇవ్వొద్దు. మొదట మూడో వంతు, డిజైన్ చూసి ఒప్పుకున్నాక మూడో వంతు, సైట్ నడుస్తూ పాస్‌వర్డులన్నీ మీ చేతికొచ్చాక మిగిలింది. మంచి పనివాడు దీనికి ఒప్పుకుంటాడు. మీరు కూడా చెప్పిన రోజున ఇవ్వాలి. నెలలకు నెలలు తిప్పించుకుని డబ్బులెగ్గొట్టే షాపులవాళ్ళను కూడా నేను చూశాను, ఆ పిల్లల కష్టం తినడం పాపం.

మా బావమరిది కొడుకు బీటెక్ చదువుతున్నాడు, ఫ్రీగా చేస్తానంటున్నాడు. చేయించుకోవచ్చా?

అందరికంటే ఎక్కువమంది అడిగేది ఇదే. పిల్లవాడి తెలివిని తక్కువ చేయను. ఇప్పటి పిల్లలకు నిజంగానే బాగా వచ్చు. చిక్కంతా మొహమాటంలో ఉంది. బయటివాడికి పైసలిస్తే "ఇది బాగాలేదు, మార్చు" అంటాం. చుట్టాల పిల్లవాడిని ఎట్లా అంటాం? సెమిస్టర్ పరీక్షలు వస్తే పని ఆగుతుంది, హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగం వస్తే మొత్తానికే ఆగుతుంది. ఉద్యోగం రావడం మనకూ సంతోషమే, కానీ సైట్‌ను చూసుకునే దిక్కుండదు. ధరలు మార్చమని రెండోసారి ఫోన్ చేస్తే, వాళ్ళమ్మ మన చెల్లెలికి ఫోన్ చేసి "మా వాణ్ణి సతాయిస్తున్నారు" అంటుంది. సైట్‌లో ఒక ధర మార్చమన్న దగ్గర మొదలైన మాట పండుగకు రాకపోకల దాకా వెళ్ళడం నేను చూశాను.

అయినా చేయించాలనుకుంటే కూలి ఇచ్చి చేయించండి, తక్కువైనా సరే. పైసలు తీసుకున్నవాడు పనిని పనిగా చూస్తాడు, మీకూ అడిగే హక్కుంటుంది. డొమైన్, హోస్టింగ్ మాత్రం అప్పుడు కూడా మీ పేరు మీదే. చదువు అయిపోయి వెళ్ళేముందు ఒక ఆదివారం కూర్చుని అంతా మీకో మీ షాపులో పనిచేసేవాళ్ళకో నేర్పించి వెళ్ళమనండి.

హైదరాబాద్ కంపెనీ మంచిదా, ఇక్కడివాళ్ళా?

నల్గొండ, మహబూబ్‌నగర్ రెండూ హైదరాబాద్‌కు దాదాపు వంద కిలోమీటర్ల దూరం. దూరం కంటే ముఖ్యం, మీ పని వాళ్ళకు ఎంత పెద్దదన్నది. లక్షల్లో ప్రాజెక్టులు చేసే కంపెనీకి మీ 30 వేల పని చిన్న చేప. ఫోన్ చేస్తే ప్రతిసారీ కొత్త గొంతు పలుకుతుంది.

ఇక్కడ కూడా పనివాళ్ళున్నారు. మహాత్మాగాంధీ యూనివర్సిటీలో, పాలమూరు యూనివర్సిటీలో చదివి సొంత ఊళ్ళోనే ఉండి పనిచేసుకునే పిల్లలు పెరిగారు. 2023లో మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లిలో, నల్గొండలో ఐటీ టవర్లు తెరిచారు. ఇక్కడివాడైతే షాపుకొస్తాడు. బత్తాయి తోటల సీజన్‌లో, యాసంగి నాట్లప్పుడు మాకు ఏ గిరాకీ వస్తుందో విడమరచి చెప్పాల్సిన పని ఉండదు. మా రెండో సైట్ చేసిన అమ్మాయిది నకిరేకల్. మొదటిరోజు రెండు గంటలు కౌంటర్ పక్కన కూర్చుని రైతులు ఏమడుగుతున్నారో రాసుకుంది. "ఎన్ని ఫీట్ల బోరుకు ఎన్ని హెచ్‌పీ మోటారు?" అన్న ప్రశ్న అయిదుసార్లు వచ్చిందని లెక్కపెట్టి, సైట్‌లో మొదటి పేజీలోనే దానికి జవాబు పెట్టింది. నేనైతే ఆ ఆలోచన చేసేవాణ్ణి కాదు.

డెవలపర్ తన పాత పనులు చూపిస్తున్నాడు. ఎట్లా పరీక్షించాలి?

అతని ల్యాప్‌టాప్‌లో చూడొద్దు. లింకులు వాట్సాప్‌లో పంపమని, మీ ఫోన్‌లో, వైఫై లేకుండా తెరవండి. వీలైతే ఊరి బయటికి వెళ్ళి, సిగ్నల్ రెండు గీతలున్నచోట తెరవండి. మన గిరాకీ చూసేది అక్కడి నుంచే. పేజీ వచ్చేలోపు మీకే విసుగొస్తే రైతు ఆగడు. గూగుల్ వాళ్ళ పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ అనే ఉచిత పరీక్ష ఉంది, లింకు పెడితే మొబైల్‌లో ఎంత వేగంగా తెరుచుకుంటుందో మార్కులేస్తుంది. ఫోన్ నంబరు మీద వేలు పెడితే కాల్ కలవాలి. మ్యాప్ నొక్కితే దారి చూపించాలి.

ఆ తర్వాత ఆ సైట్లున్న షాపులవాళ్ళలో ఇద్దరికి ఫోన్ చేయండి. చాలామంది ఈ పని చేయరు, నాకైతే ఇదే అన్నిటికంటే ముఖ్యం. "పని ఎట్లా ఉంది?" అని అడిగితే బాగుందనే అంటారు. "సైట్ పెట్టాక ఎప్పుడైనా ఆగిపోయిందా? అప్పుడు ఎన్ని రోజులకు ఫోన్ ఎత్తాడు?" అని అడగండి. నిజం అక్కడ బయటపడుతుంది.

వర్డ్‌ప్రెస్‌లో చేయించాలా, కోడింగ్‌తో చేయించాలా?

చిన్న షాపుకు వర్డ్‌ప్రెస్ చాలు. మొత్తం కోడ్ రాయకుండానే సైట్ తయారుచేసే సాఫ్ట్‌వేర్ అది. ఉచితం, ఈ డెవలపర్ పోతే ఇంకో డెవలపర్ దొరుకుతాడు. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పండి: దొంగ థీమ్‌లు (రెడీమేడ్ డిజైన్లు), దొంగ ప్లగిన్‌లు (సైట్‌కు అదనంగా తగిలించే చిన్న సాఫ్ట్‌వేర్లు) వాడొద్దని. డబ్బు పెట్టి కొనాల్సినవాటిని ఎక్కడి నుంచో ఉచితంగా దించుకుని పెడితే వాటితోపాటు దొంగ కోడ్ కూడా లోపలికొస్తుంది. తెలిసిన హోటల్ అతను ఒకరోజు తన హోటల్ పేరు గూగుల్‌లో కొడితే పేరు కింద జపాన్ అక్షరాలు, ఏవో బూట్ల ధరలు వచ్చాయి. సైట్‌లోకి ఎవరో చొరబడి వేల కొద్దీ దొంగ పేజీలు పెట్టారు. శుభ్రం చేయించడానికి అయిన ఖర్చు సైట్ చేయించిన ఖర్చును మించింది.

సైట్ తెలుగులో ఉండాలా, ఇంగ్లీషులోనా?

రెండింటిలో ఉంటే మంచిది. ఒక్కటే అయితే మీ గిరాకీ ఏ భాషలో బేరమాడుతుందో ఆ భాషలో. మా రైతులు తెలుగులో చదువుతారు, ఇప్పుడు చాలామంది ఫోన్‌లో నోటితో చెప్పి వెతుకుతారు. కాబట్టి మాది తెలుగే.

తెలుగు సైట్ చేయడంలో డెవలపర్‌కు తెలిసి ఉండాల్సినవి కొన్నున్నాయి. మన దగ్గర కరపత్రాలు, ఫ్లెక్సీలు చేసే డీటీపీ సెంటర్లలో చాలావరకు అను ఫాంట్లలో టైప్ చేస్తారు. ఆ మ్యాటర్‌ను అట్లాగే తెచ్చి సైట్‌లో పెడితే పిచ్చి గీతలొస్తాయి. కొందరు ఆ తిప్పలెందుకని తెలుగు మొత్తాన్ని ఫొటో చేసి పెట్టేస్తారు. చూడ్డానికి బాగుంటుంది, కానీ గూగుల్ దాన్ని మామూలు అక్షరాల్లా చదవదు, వెతికితే మీ షాపు దొరకదు, గిరాకీకి మీ నంబరు కాపీ చేసుకోవడం కుదరదు. అన్ని ఫోన్లూ, కంప్యూటర్లూ చదవగలిగే అక్షర పద్ధతి యూనికోడ్, దానిలోకి మార్చి పెట్టాలి. నోటో సాన్స్ తెలుగు, మండలి, రామభద్ర, పొన్నాల లాంటి మంచి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి.

వరుసల మధ్య జాగా కూడా చూడాలి. ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయే జాగా తెలుగుకు సరిపోదు, కింద ఒత్తులు, పైన గుడులు తెగిపోతాయి. "రాష్ట్రం", "జ్యోత్స్న", "స్త్రీ" అన్న మాటలు పెద్ద అక్షరాల్లో, చిన్న అక్షరాల్లో పెట్టించి మీ ఫోన్‌లో చూడండి. ఒత్తు కిందున్న ఒత్తు పూర్తిగా కనిపిస్తే ఆ డెవలపర్‌కు తెలుగు పని వచ్చినట్టు.

ఊరి పేరు సంగతి మర్చిపోకండి. నల్గొండ అని రాసేవాళ్ళున్నారు, నల్లగొండ అని రాసేవాళ్ళున్నారు. మహబూబ్‌నగర్‌ను పాలమూరు అంటాం, ఇంగ్లీషులో రాసేటప్పుడు మధ్యలో ఒక అక్షరం ఎక్కువ పెట్టేవాళ్ళూ తక్కువ పెట్టేవాళ్ళూ ఉంటారు. అన్ని రూపాలూ సైట్‌లో ఎక్కడో ఒకచోట సహజంగా వచ్చేటట్టు రాయించండి. కనగల్, తిప్పర్తి, చండూరు, మునుగోడు అని మీరు సర్వీసు ఇచ్చే ఊళ్ళ పేర్లు కూడా రాయించండి.

"గూగుల్‌లో మొదటి పేజీలో మొదటి నంబరు గ్యారంటీ" అంటున్నారు. నమ్మొచ్చా?

నమ్మొద్దు. మొదటి స్థానం గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరని గూగులే రాసిపెట్టింది. నిజాయితీ ఉన్న డెవలపర్ "పేజీ వేగంగా తెరుచుకునేలా చేస్తాను, మీ పని గురించి స్పష్టంగా రాస్తాను, ప్రొఫైల్‌ను సైట్‌కు జోడిస్తాను" అంటాడు, అంతకుమించి మాటివ్వడు. మిగిలింది మీ గిరాకీ రాసే రివ్యూలు. పని బాగా చేసి, వెళ్ళేటప్పుడు "అన్నా, రెండు మాటలు రాయండి" అని అడగండి. పైసలిచ్చి దొంగ రివ్యూలు రాయిస్తామంటే ఒప్పుకోవద్దు.

చీరలు ఆన్‌లైన్‌లో అమ్మాలనుకుంటున్నాం. డెవలపర్‌తో ఏం మాట్లాడాలి?

ముందు చిన్నగా మొదలుపెట్టండి. చీరల ఫొటోలు, ధరలు సైట్‌లో పెట్టి, ఒక్కో చీర కింద వాట్సాప్ బటన్ పెట్టించండి. నెలకు పది పదిహేను ఆర్డర్లు వచ్చేదాకా ఇది చాలు. చేనేతలో ఒక్కో చీర ఒక్కటే ఉంటుంది. అమ్ముడుపోయిన చీరను సైట్‌లోంచి తీయకపోతే రెండోవాళ్ళు కూడా డబ్బు కట్టేస్తారు, మాట పోతుంది. ఆ తీసే పని మీ ఫోన్‌లోంచి మీరే చేసుకునేలా ఉండాలని డెవలపర్‌కు మొదటే చెప్పండి.

ఆర్డర్లు పెరిగాక పేమెంట్ గేట్‌వే, అంటే సైట్‌లోనే డబ్బు కట్టించుకునే ఏర్పాటు, పెట్టించొచ్చు. కార్డుల మీద సాధారణంగా 2 శాతం దాకా తీసుకుంటారు, ఆ రుసుము మీద జీఎస్టీ ఉంటుంది. వాళ్ళు మీ పాన్, బ్యాంకు ఖాతా అడుగుతారు. సైట్‌లో నిబంధనలు, రిఫండ్, ప్రైవసీ, అడ్రస్ పేజీలు లేకపోతే ఖాతా ఇవ్వరు. ఆ పేజీలు కూడా డెవలపర్ లెక్కలో ఉన్నాయా అని అడగండి. గేట్‌వే ఖాతా మీ బ్యాంకు ఖాతాకే నేరుగా కలవాలి. "డబ్బులు మా ఖాతాలో పడతాయి, వారానికోసారి పంపిస్తాం" అంటే వద్దనండి. ఇతర రాష్ట్రాలకు సరుకు పంపితే టర్నోవర్ తక్కువున్నా జీఎస్టీ రిజిస్ట్రేషన్ కావాలన్నది సాధారణ నియమం. చేతి పని వస్తువులకు కొంత మినహాయింపు ఉంది. మీ సరుకు దానిలోకి వస్తుందో లేదో మీ ఆడిటర్‌ను అడగండి, డెవలపర్‌ను కాదు.

కాగితం మీద ఏం రాసుకోవాలి?

ఎన్ని పేజీలు, ఏ భాషలో, ఎప్పటికి, ఎంతకు, ఎన్నిసార్లు మార్పులు చేసిపెడతాడు, పని అయ్యాక ఎన్ని నెలలు ఉచితంగా చూసుకుంటాడు. ఒక పేజీ చాలు, ఇద్దరూ సంతకం పెట్టాలి.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. డబ్బులిచ్చినంత మాత్రాన కోడ్ మనదైపోదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం బయటి డెవలపర్ రాసిన ప్రోగ్రామ్ మీద హక్కు, రాతపూర్వకంగా మనకు బదిలీ చేస్తే తప్ప, మామూలుగా అతనిదే. ఆ రాతలో ఎన్నేళ్ళకో చెప్పకపోతే అయిదేళ్ళకు ఇచ్చినట్టే చట్టం చూస్తుంది. అందుకని "ఈ సైట్ కోసం నేను చేసిన డిజైన్, కోడ్, రాతల మీద హక్కులన్నీ ఎప్పటికీ షాపు యజమానివే" అన్న వాక్యం రాయించి సంతకం తీసుకోండి. గూగుల్‌లో దొరికిన ఫొటోలు పెట్టొద్దని కూడా రాయండి, ఫొటో అసలు యజమాని అడిగితే జవాబు చెప్పాల్సింది మీరే.

ఏటా మెయింటెనెన్స్ ఎందుకు?

మోటారుకు సర్వీసు ఎందుకో దీనికీ అందుకే. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లు చేయకపోతే దొంగలు దూరే సందులు మిగిలిపోతాయి. ఆ డబ్బుకు ఏమేం చేస్తారో విడివిడిగా అడగండి. నెలకోసారి బ్యాకప్ తీసి దాని కాపీ మీ గూగుల్ డ్రైవ్‌లో కూడా పెట్టాలని చెప్పండి.

ఎన్ని రోజులు పడుతుంది?

మూడు నాలుగు వారాలు. ఆలస్యమైతే ఎక్కువసార్లు తప్పు మనదే, ఫొటోలు, ధరలు ఇవ్వం. పని మొదలయ్యేలోపే షాపు ముందు భాగం, లోపల, పనిచేసేవాళ్ళు, సరుకు ఫొటోలు పగటి వెలుతురులో తీసి ఉంచండి.

ఏఐతో ఒక్కరోజులో, రెండు వేలకు చేస్తామంటున్నారు. ఏమంటారు?

డొమైన్ మీ పేరు మీద ఉంటే, అందులో రాసిందంతా మీరు ఒక్కో వాక్యం చదివి సరిచూసుకుంటే, నాకు అభ్యంతరం లేదు. ఒక క్లినిక్ సైట్‌లో ఆ డాక్టరమ్మ చేయని వైద్యాలు కూడా రాసి ఉండటం చూశాను. ఆమె చదవకుండానే సరే అన్నారు.

డెవలపర్ ఫోన్ ఎత్తట్లేదు. ఇప్పుడేం చేయాలి?

ఈరోజే హూఈజ్‌లో గడువు చూడండి. డాట్ కామ్ పేరు గడువు దాటినా వెంటనే పోదు. కంపెనీని బట్టి కొన్ని రోజులు మామూలు ధరకే రెన్యువల్ చేసుకోవచ్చు. ఆ తర్వాత 30 రోజులు అదనపు రుసుము కట్టి వెనక్కి తెచ్చుకునే వీలుంటుంది. కానీ ఆ రెన్యువల్ చేయాల్సింది డొమైన్ ఉన్న అకౌంట్‌లోంచే. కాబట్టి అతను మీకిచ్చిన బిల్లు, మీరు పంపిన డబ్బు రసీదులు, వాట్సాప్ మాటలు, జీఎస్టీ సర్టిఫికెట్ అన్నీ జతచేసి డొమైన్ కంపెనీకి రాయండి. అదే సమయంలో డెవలపర్‌కు ఈమెయిల్‌లో, స్పీడ్ పోస్టులో కూడా రాసి అడగండి.

గూగుల్ ప్రొఫైల్ అతని చేతిలో ఉంటే భయపడకండి. ప్రొఫైల్ దగ్గరే యాజమాన్యం కోరుతూ అర్జీ పెట్టొచ్చు. అతను జవాబివ్వడానికి 3 రోజుల గడువుంటుంది. జవాబివ్వకపోతే, షాపు మీదేనని వీడియోతోనో ఇంకో పద్ధతిలోనో నిరూపించి తెచ్చుకునే అవకాశం ఉంది.

డబ్బు పోయిన కేసైతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, 1915 హెల్ప్‌లైన్ ఉంది. వ్యాపారం కోసం తీసుకున్న సేవ అని అవతలివాళ్ళు అడ్డం చెప్పొచ్చు. కానీ సొంత కష్టంతో బతుకుతెరువు కోసం షాపు నడుపుకునేవాళ్ళను చట్టం వినియోగదారులుగానే చూస్తుంది. ఆ మాటను ఫిర్యాదులో స్పష్టంగా రాయండి.

మీ పాత పేరు తిరిగి దొరికిందా?

దొరకలేదు. ఇప్పుడు ఆ పేరు తెరిస్తే పందేల ప్రకటనలొస్తున్నాయి. మేము డాట్ ఇన్‌తో కొత్త పేరు తీసుకున్నాం, మూడేళ్ళకు ఒకేసారి కట్టాం, రెన్యువల్ మెయిళ్ళు నాకూ మా ఆవిడకూ ఇద్దరికీ వస్తాయి. బోర్డు, బిల్లు పుస్తకాలు ఆ నెలలోనే మార్చాం. గోడలే ఆలస్యమయ్యాయి. కనగల్ రోడ్డులో మిగిలిన రెండు గోడలకు పోయిన ఎండాకాలంలో సున్నం వేయించి కొత్త పేరు రాయించాం. దేవరకొండ వైపు ఇంకా నాలుగున్నాయి.